మాటు వేసిన మేజోడు

చిన్నల్లుడు మెట్లెక్కుతున్నాడు.

లిఫ్టులు బాగుచేయడం అతని పని. ఊళ్ళో జనం మెట్లెక్కకుండా ఉండాలని రోజంతా ఒళ్ళు హూనం చేసుకుంటాడు. సాయంత్రం వెళ్ళాల్సిన ఇల్లేమో గడియారాల కొట్టు మీద రెండో అంతస్తు. ఆ ఇంటికి లిఫ్టు లేదు. మెట్ల మలుపులో ఆగి, కుడి భుజం పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. గోడ చల్లగా ఉంది. కాసేపు అక్కడే ఉండిపోదామా అనిపించింది.

అత్తామామలు పోయి చాలా కాలమైంది. అయినా ఆ కుటుంబంలో పెద్దకూతురి మొగుడు పెద్దల్లుడే, చిన్నకూతురి మొగుడు చిన్నల్లుడే. జుట్టు నెరిసింది, పళ్ళు కదులుతున్నాయి, అల్లుడరికం మాత్రం వదల్లేదు. ఇరుగుపొరుగు కూడా అలాగే పిలుస్తారు. పెద్దల్లుడికి కింద గడియారాలు బాగుచేసే కొట్టు, పైన కాపురం, వెనకగదిలో ఒక పీపా. ఏటా ద్రాక్షపళ్ళు తెచ్చి, కాళ్ళు కడుక్కుని తొక్కి, ఆ పీపాలో పోసి వైను చేస్తాడు.

ఆ వైను బాగుండదు.

ఈ సంగతి ఆ ఇంటికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు, పెద్దల్లుడికి తప్ప.

చిన్నల్లుడు అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. వేళ్ళు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. చెయ్యి పైకెత్తి కాసేపు పనిచేస్తే చాలు, ఈ మధ్య వేళ్ళు తనవి కాకుండా పోతున్నాయి. ఆ మధ్యాహ్నం లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి లిఫ్టు నడిచే పట్టా బోల్టు బిగిస్తుంటే పానా చేతిలోంచి జారింది. చీకట్లో ఎక్కడెక్కడో తగులుతూ పోయింది. కింద గుంతలో పడిన చప్పుడు వినిపించేదాకా అతను ఊపిరి తీసుకోలేదు. తర్వాత అక్కడే చతికిలబడ్డాడు. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఈ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు.

చెప్పాల్సిన పని లేకుండా పోతుందేమోనన్న ఆశ ఒకటి ఉంది. ఆ ఆశ పెద్దల్లుడు పెట్టిందే.

అంతకు కొద్దిరోజుల ముందు పెద్దల్లుడు అతని పని దగ్గరికే వెతుక్కుంటూ వచ్చాడు. ఏదో కార్యాలయం మెట్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"ఇదిగో తమ్ముడూ," అన్నాడు పెద్దల్లుడు. "నాకు కళ్ళు పోతున్నాయి. భూతద్దం బిగించుకుంటే నీళ్ళు కారుతున్నాయి. నీకు భుజం పోతోంది. నువ్వు చెప్పకపోయినా మరదలు చెప్పింది. మిగిలిన ముక్కలతో ఇద్దరం కలిసి ఒక మనిషిగా బతుకుదాం."

"ఏం చేసి, అన్నయ్యా?"

"వైను చేసి. బేకరీవాళ్ళ వెనక షెడ్డు ఖాళీగా ఉంది. తాళంచెవి కూడా ఇచ్చారు చూసుకోమని. నేను కొట్టు మూసేస్తా. నువ్వు ఆ తాళ్ళకి వేలాడటం మానెయ్. చక్కగా నేలమీద పని."

నేలమీద అన్న మాట దగ్గరే చిన్నల్లుడి మనసు ఆగిపోయింది.

"కానీ నా వైను బాగుందని నేననుకుంటే సరిపోదు," అన్నాడు పెద్దల్లుడు. "శనివారం అందరూ వస్తారుగా. సీసాలకి సాక్సులు తొడుగుతాం. ఏది ఎవరిదో తెలియకుండా తాగి, నాదే బాగుందంటే సోమవారం కొట్టుకి తాళం. బాగోలేదంటే నోరు మూసుకుని మళ్ళీ గడియారాలు. ఈ సంగతి మాత్రం వాళ్ళతో అనకు. మొహమాటపడతారు."

"ఎప్పుడూ నీదేగా బాగుండేది," అన్నాడు చిన్నల్లుడు, అలవాటు కొద్దీ.

అసలు ఆ సాక్సుల్లోనే ఉంది మతలబంతా.

ఏటా జరిగే ఆ శనివారపు కూటమికి ఒక పద్ధతి ఉంది. ఎవరి సీసా వాళ్ళు తెస్తారు. తెచ్చిన సీసాలు వంటింట్లో వదినకి ఇస్తారు. ఆవిడ తలుపేసుకుని, చీటీలు కనబడకుండా సీసాలకి పాత మేజోళ్ళు తొడిగి తెస్తుంది. తాగి, ఒక్కొక్కళ్ళు ఒక్క మాటలో రుచి చెప్పాలి. అన్నీ అయ్యాక మేజోళ్ళు విప్పుతారు. వినడానికి నిక్కచ్చిగానే ఉంది. అయితే మొదటి ఏడాది పెద్దల్లుడి వైనుని అందరూ ఛీకొట్టారు. మేజోడు విప్పాక అతని మొహం చూడలేకపోయారు. అతను ఆ రాత్రి అన్నం తినలేదు. దాంతో వదిన ఒక ఉపాయం చేసింది. చిరిగిన నల్ల మేజోడు ఒకదానికి మడమ దగ్గర పచ్చదారంతో మాటు వేసింది. అప్పట్నించి మొగుడి సీసాకి ఎప్పుడూ ఆ మాటు వేసిన మేజోడే. మాటు కనబడితే అందరూ ఆహా అనాలి. తక్కినవాటిని ఏమన్నా పరవాలేదు.

అలా ఏళ్ళు గడిచిపోయాయి. పెద్దల్లుడు ఆ కూటమిలో ఎప్పుడూ ఓడిపోలేదు.

చిన్నల్లుడు మిగిలిన మెట్లు కూడా ఎక్కాడు.

తలుపు తీసింది అతని భార్యే. అక్కకి సాయం చేద్దామని ముందే వచ్చింది.

"ఇంతాలస్యమా?"

"లిఫ్టు ఇరుక్కుంది."

"ఇరుక్కోకపోతే మిమ్మల్నెందుకు పిలుస్తారు? రండి." గొంతు తగ్గించింది. "చూడండి, ఈ ఒక్కరోజు నోరు కాస్త తీపి చేసుకోండి. బావ మీ మాట కోసమే చూస్తున్నాడు. రోజూ రాత్రి మీ భుజానికి నూనె రాసి రాసి నా చేతులు పడిపోతున్నాయి."

"వైను బాగోదే."

"ఎప్పుడు బాగుంది గనక? అమ్మేది మీరు కాదు, ఆయన. కొనేవాళ్ళు కొంటారు. మీరు నేలమీదుంటారు, అంతే నాకు కావాల్సింది."

అతను తలూపాడు. ఔననీ కాదు, కాదనీ కాదు. అలిసిపోయినవాడు ఎలా ఊపుతాడో అలా.

చేతులకున్న గ్రీజు కడుక్కోడానికి వంటింట్లోకి వెళ్ళాడు. వదిన రొట్టె ముక్కలు కోస్తోంది. బల్లమీద మూడు సీసాలు మేజోళ్ళు తొడుక్కుని నిలబడి ఉన్నాయి. రెండు నల్లవి, ఒక జతలోవే. ఒకటి గోధుమరంగుది. నల్లవాటిలో ఒకదానికి మడమ దగ్గర పచ్చదారం కనబడుతోంది.

వదిన సబ్బు అందించి, తలుపు దగ్గరగా వేసింది.

"మరిదీ, ఒక మాట. ఆయన కొట్టు మూస్తానని నీతో అన్నారటగా?"

"అన్నాడు వదినా."

"నాతో ఇవాళ పొద్దున అన్నారు. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఈ ఇంట్లో అన్నం పెట్టేది ఆ గడియారాలు. ఈ పీపా కాదు." కత్తి పక్కన పెట్టింది. "అప్పుడు ఆయన మొహం చూడలేక మాటు వేశాను. ఆ మాటే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది. నువ్వు నిజం చెప్పు."

"నువ్వే చెప్పొచ్చుగా?"

"నేను చెబితే, పెళ్ళాం ఏది ఒప్పుకుంది గనక అంటారు. మందుల షాపాయన చెబితే కుళ్ళుబోతుతనం అంటారు. నువ్వైతే ఏదో ఒకటి చెప్పే మనిషివి కాదని ఆయనకి తెలుసు. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతావు. అందులో ఒకటి ఇవాళ మాట్లాడు."

చిన్నల్లుడు చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. గ్రీజు గోళ్ళలోంచి పోదు. ఎంత తోమినా కాస్త మిగిలే ఉంటుంది. ఇటు భార్య, అటు వదిన. ఇద్దరూ అక్కచెల్లెళ్ళే. ఇద్దరిదీ న్యాయమే.

ముందుగదిలోంచి పెద్దల్లుడు పిలిచాడు. "ఎవరైనా వచ్చి నాకు ఆ గూట్లో గ్లాసులు దించిపెట్టండర్రా."

వదిన వెళ్ళింది, నడవలోంచి చెల్లెలు కూడా. చిన్నల్లుడు నెమ్మదిగా చేతులు తుడుచుకుని వాళ్ళ వెనకే నడిచాడు. గుమ్మంలో పెద్దల్లుడు ఎదురై, అతని భుజం తట్టి, "రొట్టె నేను తెస్తాలే, నువ్వు కూర్చో," అని వంటింట్లోకి పోయాడు. భుజం తట్టినచోట సలిపింది.

ముందుగదిలో ఇద్దరున్నారు. ఒకరు సందు చివర మందుల షాపాయన. లావుపాటి మనిషి, నోరు ఊరుకోదు. రెండోది డ్రాయింగు టీచరమ్మ, ఈ మధ్యే పదవీ విరమణ చేసింది. ఆవిడ ఏది తాగినా ముందు వెలుతురుకి పట్టి రంగు చూస్తుంది.

"రావయ్యా లిఫ్టూ," అన్నాడు మందులాయన. "పొద్దస్తమానం పైకీ కిందకీ తిరుగుతావు, జీతం మాత్రం మధ్యలో ఇరుక్కుపోయింది."

"మీరు మాత్రం?" అంది టీచరమ్మ. "పగలంతా మందులమ్ముతారు, సాయంత్రం మందు తాగుతారు."

"అందుకే నా ఆరోగ్యం ఇంత బాగుంది. బయటికి పోయేది, లోపలికి వచ్చేది సమానం."

నవ్వారు. చిన్నల్లుడు కూడా పెదవులు కదిపాడు. కుర్చీలో వెనక్కి వాలేసరికి కళ్ళు మూతలు పడ్డాయి. కిటికీ అవతల వీధిదీపాలు ఇంకా వెలగలేదు. సాయంత్రపు వెలుగు బల్లమీది గ్లాసుల అంచులకి అంటుకుని ఉంది.

పెద్దల్లుడు ఒక చేత్తో రొట్టె పళ్ళెం, ఇంకో చేత్తో సీసాలున్న బుట్ట పట్టుకొచ్చాడు. మామూలుగా సీసాలు తెచ్చేది వదిన. ఆవిడ గ్లాసులు తుడుస్తూ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ తుడుచుకుంది.

"గోధుమరంగుతో మొదలెడదాం," అన్నాడు పెద్దల్లుడు. అందరికీ తలా గుటకెడు పోశాడు. 

"చేదు," అంది టీచరమ్మ.

"నాలుకలేనివాళ్ళు," అన్నాడు మందులాయన.

"ఎవరు?"

"ఇది తెచ్చినవాళ్ళు. దుకాణంలో సీసా అందం చూసి తెచ్చుంటారు."

"ఒక్క మాటన్నాం కదా. మీరు వ్యాసం రాస్తున్నారు."

చిన్నల్లుడి భార్య "మామూలుది" అంది. చిన్నల్లుడు తాగి చూశాడు. మెత్తగా దిగింది. వెనకాల ఎండిన పండేదో గుర్తొచ్చింది. నిజానికి చాలా బాగుంది. "మెత్తన," అన్నాడు.

తర్వాత మాటు వేసిన మేజోడు. పచ్చదారం అందరికీ కనబడేలా పెద్దల్లుడు సీసా ఇటు తిప్పి పెట్టాడు. మందులాయన గొంతు సవరించుకున్నాడు. టీచరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. పాపం, ఏళ్ళ తరబడి చేస్తున్న పనే అది. ఊపిరి బిగబట్టి, నాలుకకి తగలకుండా గబుక్కున మింగేసి, కళ్ళు మూసుకుని తల ఆడించడం.

"అమృతం!" అన్నాడు మందులాయన.

"సంధ్యారాగం," అంది టీచరమ్మ. రంగుల మనిషి కదా.

"కమ్మన," అంది చిన్నల్లుడి భార్య. అని మొగుడి వైపు చూసింది. వంటింటి గుమ్మంలోంచి వదిన కూడా అతని వైపే చూసింది.

చిన్నల్లుడు గ్లాసెత్తాడు. చెప్పేద్దామా, దాచేద్దామా ఇంకా తేల్చుకోలేదు. ముందు తాగాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పెద్దల్లుడు ఏటా అందరికీ తలా ఒక సీసా ఇస్తాడు. మందులాయన దాన్ని మొక్కలకి పోస్తాడు. టీచరమ్మ కుంచెలు కడుక్కుంటుంది. తాగేది చిన్నల్లుడొక్కడే. పని నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, పెరటి గట్టుమీద కూర్చుని తాగుతాడు. బాగుండి కాదు. తోడల్లుడు ఇచ్చాడని, పారబొయ్యడానికి చేతులు రాక. పైగా ఒళ్ళంతా పులిసిపోయినవాడికి నాలుకతో పేచీ ఉండదు. అలా తాగి తాగి ఆ రుచి అతనికి తన చెమటవాసనంత బాగా తెలుసు. ముందు పులుపు తగులుతుంది. దాని వెనక వగరు, చిగుళ్ళు పట్టుకుంటుంది. ఆఖర్న తడిసిన అట్టపెట్టె వాసన.

అతను అట్టపెట్టె కోసం ఎదురుచూశాడు. రాలేదు. పల్చటి తీపి ఒకటి వచ్చి, అదే పోయింది. దుకాణంలో అన్నిటికన్నా కింద అరలో దొరికే రకం.

ఇది పెద్దల్లుడిది కాదు.

తలెత్తి చూశాడు. పెద్దల్లుడు గ్లాసు వైపు చూడటం లేదు. మొహాలు చూస్తున్నాడు. ఒక్కొక్క మొహాన్నీ ఆగి ఆగి చూస్తున్నాడు. గడియారం వెనకమూత తీసి, లోపల ఏ చక్రం తిరగడం లేదోనని ఊపిరాపి చూస్తాడే, అలా. చిన్నల్లుడికి అప్పుడర్థమైంది. మేజోళ్ళు మార్చింది ఈయనే. గ్లాసులు దించమని అందరినీ ఇవతలికి పిలిచి, తను లోపలికి వెళ్ళి మార్చాడు.

వెంట్రుకంత పగులు కూడా కనిపెట్టే మనిషి. పచ్చదారం కనబడకుండా ఉంటుందా? ఎప్పుడు కనబడిందో మరి.

"నీ మాట, తమ్ముడూ?" అన్నాడు పెద్దల్లుడు.

"తీపి."

"ఊఁ," అని మూడో సీసా అందుకున్నాడు. మాటు లేని నల్ల మేజోడు.

మాటు లేకపోవడంతో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఇక నోటికి పట్టపగ్గాల్లేవు. మందులాయన తాగీ తాగక ముందే మొహం చిట్లించాడు.

"దగ్గుమందు!"

"అది మీ కొట్టు భాష," అంది టీచరమ్మ.

"కాదమ్మా, గడువు తీరిన దగ్గుమందు. ఎక్కువ మాటలైతే క్షమించండి. ఇది అమ్మితే నా లైసెన్సు పీకేస్తారు."

టీచరమ్మ వెలుతురుకి పట్టి చూసి, ఒక చుక్క నాలిక మీద వేసుకుని, గ్లాసు దూరంగా జరిపింది. "మసిగుడ్డ," అంది.

"అబ్బ!" అంది చిన్నల్లుడి భార్య, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని. "నాది అదే మాట. అబ్బ."

నవ్వులు. మందులాయన బల్ల చరిచాడు. పెద్దల్లుడు కూడా వాళ్ళతోపాటు నవ్వాడు. చిన్నల్లుడు చూస్తూనే ఉన్నాడు. ఆ నవ్వు పెదవుల దాకా వచ్చి అక్కడే ఆగింది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగినట్టు.

గుమ్మంలో వదిన నవ్వడం లేదు. మొగుణ్ణి చూసి, సీసాలని చూసి, తలుపు చెక్క పట్టుకుంది.

ఇక చిన్నల్లుడి వంతు. అతను ఒక గుక్క తాగి నోట్లోనే ఉంచుకున్నాడు. పులుపు, వగరు, తడిసిన అట్ట. పెరటి గట్టు గుర్తొచ్చింది. విప్పని బూట్లు గుర్తొచ్చాయి.

పెద్దల్లుడు అతని మీదికి వంగాడు. తక్కినవాళ్ళ మాట ఆయనకి అందింది. మిగిలింది ఇది ఒక్కటే. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. భూతద్దం పెట్టుకోకపోయినా.

ఇప్పుడు బాగుందంటే చాలు. సాక్సు చూసి అన్నది కాదు, రుచి చూసి అన్నదని నమ్ముతాడు. వాళ్ళకేం తెలుసు, మా తమ్ముడికి తెలుసు అంటాడు. సోమవారం కొట్టుకి తాళం పడుతుంది. బేకరీ వెనక షెడ్డు, నేలమీద పని, చేతులు పైకెత్తక్కర్లేని పని. పానా జారితే కాలిమీద పడుతుంది, అంతేగా. ఒక్క మాట. ఏ మాటా చెప్పకుండా తలూపినా చాలు.

అతను మింగాడు.

"మనది," అన్నాడు.

మందులాయన చెయ్యి బల్ల మీద అలాగే ఉంది.

"ఏమన్నావు?" అన్నాడు పెద్దల్లుడు.

"మనది, అన్నయ్యా. వెనకగది పీపాలోది."

"మనదే. ఎలా ఉంది?"

చిన్నల్లుడు భార్య వైపు చూడలేదు. చూస్తే చెప్పలేడు.

"బాగోలేదు. ఎప్పుడూ బాగోలేదు."

పెద్దల్లుడు లేచి మూడు సీసాల మేజోళ్ళూ విప్పాడు. మాటు వేసినదాంట్లోంచి టీచరమ్మ తెచ్చిన చవక సీసా బయటపడింది. గోధుమరంగు దాంట్లోంచి మందులాయన అల్లుడు విదేశం నుంచి తెచ్చిచ్చిన సీసా.

"నాలుకలేనివాళ్ళు," అంది టీచరమ్మ, మెల్లగా.

మందులాయన తన సీసా వైపు గుర్తుపట్టలేని చుట్టాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత చేతులు జోడించాడు. "బావగారూ, నన్ను చెప్పుచ్చుకు కొట్టండి. ఆ దగ్గుమందు మాట..."

"గడువు తీరిందన్నారు కదా," అన్నాడు పెద్దల్లుడు. "తీరింది."

మాటు వేసిన మేజోడుని చేతికి తొడుక్కుని, పచ్చదారాన్ని వేలితో తడిమాడు. గుమ్మం వైపు తిరిగాడు. "ఎవరే ఇది వేసింది?"

"నేనే," అంది వదిన.

"కుట్టు బాగుంది."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిరుడు. నువ్వు విప్పి ఉతుకుతుంటే చూశా. ఏటా నా సీసాకే పచ్చదారం ఎందుకొస్తుందా అనుకున్నా. అడుగుదామంటే మొహమాటం. మీకు మీ మొహమాటం, నాకు నాది." నవ్వబోయాడు. "నువ్వు సాక్సుకి మాటు వేశావు. నేను మీకోసం మాటు వేసి కూర్చున్నా. నాకు చిక్కింది మాత్రం నేనే."

వదిన ఏడ్చేసింది. "తప్పయిపోయింది అనను. ఆ రోజు మీరు అన్నం తినలేదు," అంది. "ఇవాళ తింటారా?"

"తింటానే. ఆకలేస్తోంది."

టీచరమ్మ లేవబోయింది. ఇక వెళ్తామన్నట్టు మందులాయన కూడా కుర్చీ వెనక్కి జరిపాడు. పెద్దల్లుడు చెయ్యడ్డం పెట్టాడు.

"ఎక్కడికి? కూర్చోండి. ఇన్నేళ్ళూ చూడకుండా తాగారు. ఒక్కసారి చూసి తాగండి."

తన వైను అందరికీ పోశాడు, గ్లాసు నిండా. చివర్న తనకి కూడా పోసుకున్నాడు. ఎవరూ కాదనలేదు. ఊపిరి బిగబట్టకుండా తాగారు. మందులాయన మొహం నానా తిప్పలు పడింది.

"పీపా కడుగుతారా మీరు?" అని అడిగాడు.

"కడుగుతాను."

"వేణ్ణీళ్ళతోనా?"

"మామూలు నీళ్ళతో. ఏం?"

"ఏం లేదు. ఆ అట్టవాసన పీపాదే అయ్యుంటుంది. ఏళ్ళనించీ అడుగుదామనే."

"మరి అడగరేం?"

"అమృతం అన్నాక ఎలా అడుగుతాం?"

ఈసారి నిజంగానే నవ్వారు. ఎక్కువ కాదు. అలిసిపోయినవాళ్ళు నవ్వినంత. టీచరమ్మ మొదటి ఏడాది దాన్ని ఏమందో చెప్పింది. అప్పుడూ మసిగుడ్డే అందట. "మాటమీద నిలబడ్డారు," అన్నాడు పెద్దల్లుడు. గ్లాసు ఖాళీ చేసి, నాలుకతో చిగుళ్ళు తడుముకున్నాడు. "నిజమే. నాకెప్పుడూ ఇలాగే తెలిసేది. మీరందరూ అంటుంటే నా నాలుకే మంచిది కాదనుకున్నా."

వాళ్ళు వెళ్ళేముందు పెద్దల్లుడు జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి మందులాయన చేతిలో పెట్టాడు. "బేకరీ మీ పక్కనేగా. అక్కర్లేదని చెప్పండి." ఏమిటి, ఎందుకు అని మందులాయన అడగలేదు. ఆ మనిషి నోరు ఊరుకోవడం అదే మొదలు.

చిన్నల్లుడు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. తాళంచెవి కొత్తది. తళతళలాడుతోంది. మందులాయన జేబులోకి పోయింది.

పెద్దల్లుడు మెట్ల దాకా వచ్చాడు. నల్ల మేజోళ్ళు రెండూ జతచేసి, చుట్టచుట్టి చిన్నల్లుడి చేతిలో పెట్టాడు. "ఇక సీసాలకి అక్కర్లేదు. ఉన్ని సాక్సులే, వెచ్చగా ఉంటాయి. నీ లిఫ్టు గుంతలు చలిగా ఉంటాయన్నావుగా."

"నీ కళ్ళ సంగతేమిటి?"

"చేతిగడియారాలు ఇక తీసుకోను. గోడగడియారాలు చేస్తా. వాటి చక్రాల పళ్ళు కనబడతాయి." అతని కుడి భుజం వైపు చూశాడు. "నీ భుజానికి నేనేం చెయ్యలేకపోయాను తమ్ముడూ."

"పోనీలే."

"మనది అన్నావే," అన్నాడు పెద్దల్లుడు. "నీది అనలేదు." అంతమాత్రం అని లోపలికి వెళ్ళిపోయాడు.

దారిలో వీధిదీపాలు వెలుగుతున్నాయి. కొట్లు మూసేవాళ్ళు రేకు తలుపులు లాగుతున్నారు. ఇంటి మలుపు తిరిగాక భార్య ఆగింది.

"ఒక్క మాట దాచితే ఏం పోయేది మీకు?"

అతను చెప్పింది వేరే సంగతి. "ఇవాళ మధ్యాహ్నం పానా జారిపోయింది. పైనుంచి గుంతలోకి. వేళ్ళకి పట్టు లేదు."

ఆవిడ అతని వైపు తిరిగి నిలబడింది. తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టలేదు. అతని కుడిచెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసింది, ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

సోమవారం పొద్దున్నే అతను పెరటి గట్టుమీద కూర్చుని బూట్లు తొడుక్కుంటుంటే ఆవిడ పానా తెచ్చిచ్చింది. పిడికి గట్టి తాడు ముడివేసి ఉంది. రెండో కొసకి మణికట్టుకి తగిలించుకునే ఉచ్చు.

"మీ పైవాళ్ళతో మాట్లాడండి. నేలమీద పని ఏదన్నా ఉంటే ఇమ్మనండి," అంది. "ఈలోగా ఇది తగిలించుకోండి. జారినా చేతికే వేలాడుతుంది."

"ఊఁ."

"ఊఁ అంటే మాట్లాడతారా, మాట్లాడరా?"

"మాట్లాడతా."

నల్ల మేజోళ్ళు తొడుక్కున్నాడు. ఎక్కడో వైను వాసన ఇంకా ఉంది, పుల్లగా. బూటులోకి కాలు దూర్చేసరికి మడమ దగ్గర పచ్చదారం ముడి గుచ్చుకుంది. విప్పి సర్దుకుందామనుకున్నాడు. వంగడానికి ఓపిక లేకపోయింది. అలాగే నడిచాడు.

వీధి చివరికి వెళ్ళేసరికి అలవాటైంది.